అద్దంలా మెరవాలి సరే... ఆ చేతుల మాటేమిటి?

'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్నారు పెద్దలు. ఆ సామెత పుణ్యమా అని పండగ దగ్గరికొస్తోందంటే చాలు, బూజులు దులపడం దగ్గర్నుంచి డబ్బాల అడుగున పాత కాగితాలు మార్చడం దాకా నడుం విరిగేలా చాకిరీ చేస్తాం. సాయంత్రానికి మెరిసే గచ్చు చూసుకుని మనకి మనమే మురిసిపోతాం కూడా.

అయితే మన ఇంట్లో మనం చేసుకునే శుభ్రం వేరు. వందమంది తినే మెస్సులో, యాభైమంది కూర్చునే ఆఫీసులో, పిల్లలు పరుగులు తీసే బడిలో, రోగులొచ్చే క్లినిక్కులో ఇంకెవరో చేసే శుభ్రం వేరు. అక్కడి గచ్చు చూసి ఎవరూ ఏ ఇల్లాలి గురించీ గొప్పగా చెప్పుకోరు. తుడిచిన మనిషి పేరు కూడా చాలామందికి తెలీదు. గచ్చు మెరవకపోతే మాత్రం ఆ మనిషి వెంటనే గుర్తొస్తుంది!

రోజూ ఊడ్చి తుడిచే పని సంగతి కాదు నేను చెబుతున్నది. వారానికోసారో నెలకోసారో సామాన్లన్నీ జరిపి, మెషిన్లు విప్పి, పొయ్యి వెనక పేరుకున్న జిడ్డు గీకి, బాత్‌రూములు మూలమూలా తోమే పని ఒకటుంటుంది. ఇప్పుడు దానికి 'డీప్ క్లీనింగ్' అని ముచ్చటైన పేరొచ్చింది. వేళ్ళు నలిగేదీ, కళ్ళు మండేదీ, ఊపిరాడనిదీ ఎక్కువగా ఈ పనిలోనే.

'మాకు ఆఫీసులూ ఫ్యాక్టరీలూ ఎక్కడివి, ఇదంతా మాకెందుకు?' అంటారేమో. ఒక్కసారి ఆలోచించండి. మనలో కర్రీ పాయింటు నడిపేవాళ్ళున్నారు. బ్యూటీ పార్లరు పెట్టుకున్నవాళ్ళున్నారు. నలుగురు కలిసి పచ్చళ్ళూ అప్పడాలూ చేసి అమ్మేవాళ్ళున్నారు. టీచర్లున్నారు, నర్సులున్నారు, హాస్టలు వార్డెన్లున్నారు. 'ఇవాళ మొత్తం కడిగించెయ్' అని చెప్పే నోరు చాలాచోట్ల మనదే. కడిగే చేతులూ ఆడవాళ్ళవే.

ఘాటుంటేనే పని జరుగుతుందా?

ఈ మధ్య మా ఆడపడుచు కూతురికి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది. "అత్తయ్యా, హాస్టలు వెతకాలి, నువ్వూ రావా" అంటే ఓ ఆదివారం అమీర్‌పేటలో నాలుగైదు హాస్టళ్ళు తిరిగాం. ఒకచోట మెట్లెక్కుతుంటేనే ముక్కుపుటాలు భగ్గుమన్నాయి. పైన బాత్‌రూములు కడుగుతున్నారు. కడిగే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. గొంతుక్కూర్చుని నేల తోముతోంది. నేలంతా బ్లీచింగ్ నీళ్ళు, పక్కన మూత తీసిన యాసిడ్ సీసా. ముక్కుకి అడ్డంగా కొంగు కట్టుకుంది. ఒకటే దగ్గు.

"ఆ రెండూ కలిపి పోస్తున్నారా అమ్మా?" అన్నాను.

"ఒక్కటి పోస్తె మరక పోతలేదమ్మా. రెండు కలిపితేనే తెల్లగైతది. ఘాటు రాకుంటె మేడం అసలు కడగనేలేదంటది" అంది.

"మరి ఆ దగ్గు?"

"అది ఎప్పుడుండేదే. బయటికి పోయి జరసేపు నిలవడితె తక్కువైతది."

మేమిద్దరం ఆవిణ్ణి వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. అరచేతులు చూపించింది. ఎండిన చెరువు నేలలా పగిలున్నాయి. ఎనిమిది బాత్‌రూములు రెండు గంటల్లో అవ్వాలట. ఆ తర్వాత కింద వంటింట్లో గ్రైండరు, పొయ్యిలు, ఫ్రిజ్‌లు ఉన్నాయట. గ్లవ్స్ ఇవ్వరా అంటే, పోయిన దసరాకి ఒక జత ఇచ్చారనీ, అవి చినిగిపోయాయనీ చెప్పింది.

ఆవిడ చెప్పిన మాటలోనే ఉంది కిటుకంతా. 'ఘాటు వస్తేనే కడిగినట్టు' అని మనం అనుకుంటున్నాం. నిజానికి ఆ ఘాటు శుభ్రానికి గుర్తు కాదండీ, ప్రమాదానికి గుర్తు.

బాత్‌రూములకి వాడే యాసిడ్‌లో సామాన్యంగా ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. బ్లీచింగ్ పౌడర్‌లోనూ, సీసాల్లో వచ్చే బ్లీచ్‌లోనూ క్లోరిన్ కట్టేసినట్టు ఉంటుంది. యాసిడ్ తగలగానే ఆ కట్టు తెగి, క్లోరిన్ వాయువై బయటికొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్రె పట్టణం దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. యుద్ధంలో ఆయుధంగా వాడినదాన్ని కిటికీ మూసిన నాలుగడుగుల బాత్‌రూములో మనం చేతులారా తయారుచేసుకుంటున్నామన్నమాట.

ఇంకో సంగతి. ఈ వాయువు గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. అందుకని పైకి పోకుండా నేలబారున నిలిచిపోతుంది. గుమ్మం దగ్గర నిలబడి పని చెప్పేవాళ్ళకి ముక్కు మండితే, నేల మీద గొంతుక్కూర్చుని తోమే మనిషి అందులో మునిగి ఉన్నట్టే. కొంగూ, గుడ్డ మాస్కూ దుమ్మునాపుతాయి కానీ వాయువుని ఆపవు.

యాసిడ్ ఒక్కటే కాదు. నిమ్మరసం, వెనిగర్ లాంటి పుల్లటివాటిని కూడా బ్లీచ్‌తో కలపకూడదు. కొన్ని అద్దాలు తుడిచే మందుల్లో అమ్మోనియా ఉంటుంది. అది బ్లీచ్‌తో కలిస్తే క్లోరమీన్లనే మరో రకం విషవాయువులు పుడతాయి. ఇన్ని పేర్లు గుర్తుంచుకోవడం కష్టమనుకుంటే ఒక్క మాట చాలు: ఒక మందులో ఇంకో మందు కలపొద్దు. ఒకటి వాడాక నీళ్ళతో బాగా కడిగేసి, అది పూర్తిగా పోయాకే రెండోది ముట్టుకోవాలి. అసలు ఒకే రోజు రెండూ వాడకపోతే ఇంకా మంచిది.

తెలియక కలిపేశారనుకోండి. అందులో మరోటి పొయ్యకుండా, నీళ్ళు కొట్టే ప్రయత్నం కూడా చెయ్యకుండా, వెంటనే బయటికి వచ్చెయ్యాలి. తలుపు బార్లా తీసి ఉంచి, ఘాటు పూర్తిగా పోయేదాకా ఎవర్నీ లోపలికి పోనివ్వకూడదు. దగ్గు ఆగకపోయినా, ఆయాసమొచ్చినా, ఛాతీ పట్టేసినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. క్లోరిన్ దెబ్బ ఒక్కోసారి కొన్ని గంటల తర్వాత ముదురుతుంది. 'కాసేపాగితే అదే తగ్గుతుంది' అని ఇంటికి పంపించెయ్యకండి.

కంట్లో చిందితే నలపకుండా ధారగా పడే మంచినీళ్ళతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఒంటి మీద పడితే తడిసిన బట్ట తీసేసి అలాగే నీళ్ళు పొయ్యాలి. పొరపాటున ఎవరైనా తాగితే ఉప్పునీళ్ళు పట్టించి కక్కించకండి. మింగేటప్పుడు కాలిన గొంతు, కక్కేటప్పుడు మళ్ళీ కాలుతుంది. సీసాతో సహా ఆస్పత్రికి పరిగెత్తండి.

సీసా అన్నాను కాబట్టి ఇంకో మాట. యాసిడ్‌నీ ఫినాయిల్‌నీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి మూలన పెట్టడం ఎన్నిచోట్ల చూశామో! దాహమేసిన పిల్లాడికి అది శరబత్తులాగే కనిపిస్తుంది. 2013 జూలైలో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలకి కట్టుబాట్లు పెట్టింది. కొన్నవాళ్ళ వివరాలు రిజిస్టరులో రాసుకోవాలి, 18 ఏళ్ళలోపు వాళ్ళకి అమ్మకూడదు అంది. దుకాణంలోనే అంత జాగ్రత్త ఉండాలన్నప్పుడు, మన వంటింటి అటక మీద ఎంత ఉండాలి? వచ్చిన సీసాలోనే ఉంచాలి. వేరే దాంట్లో పొయ్యక తప్పకపోతే దాని పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించాలి. చదువురాని మనిషైతే రంగు రిబ్బను కట్టి ఏది దేనికో చెప్పాలి.

ఏళ్ళ తరబడి పీలిస్తే...

ఇది ఒక్కరోజు ప్రమాదం సంగతి. రోజూ కొంచెం కొంచెం పీలిస్తే ఏమవుతుంది? నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఆరువేల మందికి పైగా మనుషుల్ని ఇరవయ్యేళ్ళపాటు గమనిస్తూ వచ్చారు. శుభ్రం చేసే పని ఉద్యోగంగా చేసే ఆడవాళ్ళలో, ఇంట్లో ఆ పని చేసుకునే ఆడవాళ్ళలో కూడా, ఆ పని చెయ్యని ఆడవాళ్ళకంటే ఊపిరితిత్తుల శక్తి త్వరగా తగ్గిపోతోందని తేలింది. మగవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. అయితే వాళ్ళలో ఆ పని చేసినవాళ్ళు చాలా కొద్దిమందేనట!

కాబట్టి 'ఎప్పుడుండే దగ్గే' అన్న ఆవిడ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. చాలా మరకలకి సబ్బునీళ్ళూ, పీచూ, కాస్త ఓపికా సరిపోతాయి. ఘాటైన మందు తప్పనిసరైతే తలుపులూ కిటికీలూ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, సీసా మీద రాసినంత పలచన చేసి వాడాలి. స్ప్రే కొడితే తుంపర్లు గాల్లోకి లేచి ముక్కులోకి పోతాయి. అదే మందుని గుడ్డ మీద పోసుకుని తుడిస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

జిడ్డుకి కాస్టిక్ సోడా వాడే మెస్సులూ ఉన్నాయి. ఎప్పుడూ చల్లటి నీళ్ళలో సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలే కానీ, సోడా మీద నీళ్ళు కుమ్మరించకూడదు. ఒక్కసారిగా కుతకుతలాడి మొహమ్మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెలకి అది అసలు తగలనివ్వకూడదు. లోహాన్ని తినేసి, మంటంటుకునే హైడ్రోజన్ వాయువుని పుట్టిస్తుంది. వేడినీళ్ళలో వాషింగ్ సోడా వేసి, జిడ్డు పట్టిన జాలీలని ఓ గంట నానబెట్టి చూడండి. చాలాసార్లు కాస్టిక్ అవసరమే రాదు.

చెయ్యి ఎవరిదో, ప్లగ్గు వాళ్ళ దగ్గరే!

హాస్టల్లో ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. అంతకుముందు తను పనిచేసిన మెస్సులో ఒకమ్మాయి గ్రైండరు తుడుస్తోందట. ఇంకెవరో వచ్చి, పక్క మెషిన్ అనుకుని స్విచ్చేశారట. అమ్మాయి కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయట. స్విచ్చేసినవాళ్ళు దుర్మార్గులేం కాదు. లోపల చెయ్యుందని వాళ్ళకి తెలీదు, అంతే.

మెషిన్ల దగ్గర జరిగే చాలా ప్రమాదాలు ఇలాంటివే. ఆగిందనుకున్నది కదలడం, లేదా 'రెండు నిమిషాల పనే కదా' అని తిరుగుతుండగానే చెయ్యి పెట్టడం. గుంటూరులో నా స్నేహితురాలు కర్రీ పాయింటు నడుపుతోంది. పెద్ద గ్రైండరు, కొబ్బరి కోరే మెషిను, కూరలు తరిగే మెషిను ఉన్నాయి. అక్కడ ఒకటే రూలు: చెయ్యి ఎవరిదో, ప్లగ్గు వాళ్ళ దగ్గరే. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి, వైరు తన ముందు, తనకి కనబడేలా పెట్టుకున్నాకే మెషిన్లో చెయ్యి పెట్టాలి. మళ్ళీ పెట్టేది కూడా ఆ మనిషే. యజమానురాలైనా సరే, ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు. "నేనే ఒకసారి పెట్టబోతే మా పనమ్మాయి నన్ను కేకలేసిందే!" అని నవ్వుతూ చెప్పింది. అలా కేకలెయ్యగలిగే చనువు పనివాళ్ళకివ్వడం ఎంత మంచి యజమాని లక్షణమో!

ప్లగ్గు లేకుండా నేరుగా గోడలోకి వైరింగు చేసిన పెద్ద మెషిన్లుంటాయి. వాటికి మెయిన్ కట్టేసి, బోర్డుకి తాళం వేసి, తాళంచెవి శుభ్రం చేసే మనిషి దగ్గరుంచాలి. 'లోపల పని జరుగుతోంది, వెయ్యొద్దు' అని అట్టముక్క వేలాడదియ్యాలి. ఇదేదో నా సొంత తెలివి కాదు. అమెరికాలో 1989లోనే ఈ తాళం, అట్టముక్క పద్ధతిని పరిశ్రమలకి నిబంధనగా చేశారు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్లో, కదిలే భాగాలు తగిలి దెబ్బతినే ప్రమాదముంటే ఆ మెషిన్ని శుభ్రం చేసే పని ఆడవాళ్ళకీ, చిన్నవయసు వాళ్ళకీ అప్పగించకూడదని రాశారు. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వచ్చింది. మన మెస్సులూ కర్రీ పాయింట్లూ చాలావరకు ఫ్యాక్టరీల లెక్కలోకి రావనుకోండి. చట్టం లెక్కలోకి రాకపోయినా వేళ్ళు వేళ్ళేగా!

దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా. ఆ రోజు మెషిన్లన్నీ ఆపి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, తిప్పకుండా వదిలేస్తాం. ఆ ఒక్కరోజు మెషినుకి ఇచ్చే విరామాన్ని, చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఇమ్మంటున్నాను. అంతే.

ఇక చిన్నచిన్న జాగ్రత్తలు. ప్లగ్గు పీకాక కూడా కొన్ని మెషిన్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. బ్లేళ్ళకి పట్టిన ముక్కలు వేళ్ళతో కాకుండా బ్రష్షుతోనో, చెక్క గరిటెతోనో తియ్యాలి. చున్నీ తీసెయ్యాలి, కొంగు దోపుకోవాలి, జడ ముడేసుకోవాలి, వేలాడే గాజులు తీసి పక్కన పెట్టాలి. మోటారు మీద నీళ్ళు గుమ్మరించకుండా తడిగుడ్డ పిండి తుడవాలి. తడి చేతులతో, తడి గచ్చు మీద నిలబడి స్విచ్‌లు ముట్టుకోకూడదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిగిపోతే, 'పనిచేస్తోంది కదా' అని వదిలెయ్యకండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు లీకైతే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది.

పొయ్యిలు కడిగేముందు సిలిండరు దగ్గర గ్యాస్ కట్టెయ్యాలి, బర్నర్లు చల్లారనివ్వాలి. చిమ్నీ జాలీలకి పట్టిన నూనెజిడ్డు కేవలం అసహ్యం కాదు, మంట ఎగిస్తే అంటుకునే సరుకు. అలాగని ఇవాళే అయిపోవాలని పొయ్యి గట్టు మీదెక్కో, ప్లాస్టిక్ కుర్చీ వేసుకునో తియ్యబోతే నడుం విరుగుతుంది. కదలని నిచ్చెనా, దాన్ని పట్టుకునే మరో మనిషీ ఉండాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఐసుని చాకుతో పొడవకండి. ప్లగ్గు పీకి, తలుపు తీసిపెట్టి కరగనివ్వండి. చాకు గొట్టానికి తగిలితే గ్యాసు పోతుంది, ఫ్రిజ్జూ పోతుంది.

ముందు సబ్బు, తర్వాతే మందు

'మరి క్రిములు చావాలంటే ఘాటు మందు కావాలి కదా' అని అడగొచ్చు. కావాలి. కానీ వరస ముఖ్యం. మురికి మీద బ్లీచింగ్ పోస్తే దాని శక్తంతా మురికితోనే ఖర్చయిపోతుంది. క్రిముల దాకా చేరేది తక్కువ. అందుకని ముందు పొడిగా ఊడ్చాలి. తర్వాత సబ్బునీళ్ళతో తోమి, మంచినీళ్ళతో కడగాలి. ఆ తర్వాతే క్రిములని చంపే మందు రాసి, సీసా మీద ఎంతసేపు ఉంచమన్నారో అంతసేపు తడిగా ఉంచాలి. అప్పుడు తుడవాలి. పిండి రుబ్బే రాళ్ళు, కూరలు తరిగే బల్లల్లాంటి తిండి తగిలే చోట్లని చివర్న మంచినీళ్ళతో మళ్ళీ కడగాలి. రాసిన వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ, ఘాటు మాత్రం మిగులుతుంది. పైనుంచి కిందికి, శుభ్రంగా ఉన్నచోటు నుంచి మురికి చోటుకి రావాలి. బాత్‌రూము గుడ్డా వంటింటి గుడ్డా ఎప్పటికీ కలవకుండా రంగులు వేరుగా పెట్టుకోవాలి.

కరోనా రోజుల్లో ఈ విషయంలో ఎంత హడావుడి చేశామో గుర్తుందా? వీధుల్లో, ఆఫీసుల్లో, ఆఖరికి మనుషుల మీద కూడా మందు పిచికారీ చేశారు. మనుషుల మీద చల్లొద్దని 2020 ఏప్రిల్లోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. గదుల్లో వస్తువుల మీద కూడా మామూలుగా పిచికారీ చెయ్యడం మంచిది కాదనీ, గుడ్డని మందులో తడిపి తుడవాలనీ ఆ ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆఫీసుల గచ్చులకీ బాత్‌రూములకీ అప్పట్లో ఆరోగ్యశాఖ చెప్పింది ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం. ఒక శాతమంటే ఎంత పలచనో చూడండి! బ్లీచ్ తగిలితే పాడయ్యే లోహపు పిడులకీ, తాళాలకీ, తాళంచెవులకీ ఆల్కహాలుతో తుడవమన్నారు.

బ్లీచింగ్ పౌడర్ మూత తీసి నెలల తరబడి ఉంచితే పస పోతుంది. 'పనిచెయ్యట్లేదు' అని ఇంకో రెండు గరిటెలు వేసేకంటే, చిన్న పొట్లం తెచ్చుకుని, ఏరోజుకారోజు కలుపుకోవడం మేలు. కలిపేది ఆరుబయట, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, గాలి మన మొహానికి ఎదురుగా రాకుండా నిలబడి.

దిగకూడని చోటు

మొత్తం కడిగించేద్దాం అన్నప్పుడు సంపులూ, డ్రైనేజీ గుంటలూ కూడా గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెబుతాను. మూతపడి ఉన్న గుంటలో గాలి మంచిదో కాదో పైనుంచి కనబడదు. ఒక మనిషి దిగి పడిపోవడం, అతన్ని లాగబోయి ఇంకొకరు, వాళ్ళ కోసం మరొకరు దిగి ప్రాణాలు పోగొట్టుకోవడం పేపర్లో ఎన్నిసార్లు చదివాం!

సెప్టిక్ ట్యాంకులోకీ మురుగు గుంటలోకీ రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలివ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్లో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేసింది. 'ఐదొందలిస్తే దిగుతానంటున్నాడు' అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. మిషనున్న ట్యాంకరు బండిని పిలవండి. మంచినీళ్ళ సంపైనా సరే, మూతలన్నీ తీసి గాలాడనివ్వకుండా, పైన కాపలా మనిషి లేకుండా ఒంటరిగా ఎవర్నీ దింపకూడదు. లోపల యాసిడ్, బ్లీచింగ్ వాడకూడదు. లోపల మనిషి తూలితే వెనకే దూకకుండా 101కో 112కో ఫోన్ చెయ్యాలి.

ఎవరి ఖర్చు, ఎవరి చెయ్యి?

ఇవన్నీ చదివాక 'ఎంత తతంగం!' అనిపించొచ్చు. లెక్క వేసి చూడండి. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు, జారని చెప్పులు, పొడుగు పిడి ఉన్న బ్రష్షు. కూర్చోకుండా నిలబడి తోమగలిగితే నడుముకీ మంచిదే, ముక్కుకీ మంచిదే. నలుగురు పనిచేసే చోట వీటన్నిటి ఖర్చూ కలిపినా ఒక్కసారి ఆస్పత్రి బిల్లుకి సరిపోదు.

అసలు ఖరీదైనది గ్లవ్స్ కాదు, టైము. ఎనిమిది బాత్‌రూములు రెండు గంటల్లో అవ్వాలంటే ఎవరైనా రెండు మందులూ కలిపే పోస్తారు. రాత్రి పదింటికి మెస్సు కట్టేశాక, పొద్దున్నుంచీ నిలబడ్డ మనిషి చేతే గ్రైండరు కడిగిస్తే ప్లగ్గు పీకడం మర్చిపోతుంది. మందు పదినిమిషాలు నానాలంటే ఆ పదినిమిషాలకీ జీతమివ్వాలి. 'ఊరికే కూర్చుంది' అనకూడదు. శుభ్రం చేసే రోజున మిగతా పని తగ్గించాలి. అదీ కుదరకపోతే ఈవారం బాత్‌రూములు, వచ్చేవారం వంటిల్లు అని పంచుకోవాలి.

ఈ పనికి చదువక్కర్లేదనీ, ఎవరైనా చేసేస్తారనీ మనకో చిన్నచూపు. పైన చెప్పినవన్నీ చూడండి. కెమిస్ట్రీ ఉంది, కరెంటుంది, చట్టముంది. ఇంత తెలియాల్సిన పనిని ఏమీ చెప్పకుండా ఒక మనిషి చేతికిచ్చి, చీపురూ బకెట్టూ చూపించి వెళ్ళిపోతున్నాం.

ఆ హాస్టల్లో చేరకూడదని మా అమ్మాయి అనుకుంది కానీ, నేనే వద్దన్నాను. అన్నీ బాగున్నచోటికి మనం వెళ్ళిపోతే అక్కడ అడిగేవాళ్ళెవరుంటారు? చేరింది. చేరిన వారంలోనే గదిలో వాళ్ళంతా కలిసి వార్డెన్‌తో మాట్లాడారట. 'మాకు ఘాటు వాసన వద్దు మేడం, సబ్బుతో కడిగిస్తే చాలు' అన్నారట. యాసిడ్ కొనడం మానేశారు, రెండు జతల గ్లవ్స్ వచ్చాయి. బాత్‌రూములు రోజుకి నాలుగు చొప్పున కడగమన్నారట. గ్రైండరు ప్లగ్గు సంగతి ఇంకా అడగాలి అంటోంది.

గోడకి అంటించుకోండి

- ఒక మందులో ఇంకో మందు కలపొద్దు.
- చెయ్యి ఎవరిదో, ప్లగ్గు వాళ్ళ దగ్గరే.
- తలుపులూ కిటికీలూ తీశాకే మందు మూత తియ్యాలి.
- ముందు సబ్బు, తర్వాతే మందు. నానేదాకా ఆగాలి.
- పేరులేని సీసా పారెయ్యాలి. అందులో ఏముందో వాసన చూసి తెలుసుకోవద్దు.
- గుంటలోకి ఎవర్నీ దింపొద్దు.

రేపు మీరు ఆఫీసుకో, బడికో, మీ సొంత దుకాణానికో వెళ్ళినప్పుడు, అక్కడ కడిగే ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచి, ఏ మందు వాడుతోందో, గ్లవ్స్ ఉన్నాయో లేదో, దగ్గేమైనా వస్తోందో ఓ మాట అడగండి. ఆ తర్వాత సీసాలున్న మూలకి మీరే వెళ్ళి, ఒక్కొక్కటీ తీసి చూడండి.